మంచులో ముందు సాలు

పార్కింగ్ స్థలం అంచున మనిషెత్తు మంచుగట్టు ఉంటుంది. రాత్రంతా యంత్రాలు రోడ్డు మీది మంచును తోసి పేర్చిన గట్టు అది. దాని భుజం మీదుగా రెండు గీతలు పైకి పాకి, అవతలి చీకట్లోకి దిగిపోతాయి. ఒక్కో గీత బెత్తెడు వెడల్పు, రెంటి మధ్య జానెడు ఎడం. తలకు కట్టుకున్న దీపం వెలుగు పడితే ఆ గీతల అంచులు అప్పుడే కోసిన జున్నుముక్క అంచుల్లా మెరుస్తాయి. ఇక్కడివాళ్లు దీన్ని స్కిన్ ట్రాక్ అంటారు. నా నోటికి మాత్రం సాలు అనే వస్తుంది. మదనపల్లె దగ్గరి పల్లెలో పుట్టినవాణ్ణి. మా వైపు నాగలిని మడక అంటాం, అది గీసిన గీతను సాలు అంటాం.

ఈ చోటు పేరు స్నోక్వాల్మీ కనుమ. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ పర్వతాల వరసను దాటే దారి. సియాటిల్ నుంచి తూర్పుగా 50 మైళ్ల పైచిలుకు దూరం. ఐ-90 రహదారి నేరుగా కనుమ మీదుగానే పోతుంది, 52వ ఎగ్జిట్ దగ్గర దిగితే కొండలు పక్కనే. కనుమ ఎత్తు 3,022 అడుగులు, అంటే మా హార్స్‌లీ కొండల కన్నా తక్కువ. అయినా పసిఫిక్ మీదుగా వచ్చే తడిగాలి ఈ వరసకు కొట్టుకుని పైకి లేచి చల్లబడి, తెచ్చిన నీళ్లన్నీ ఇక్కడే మంచుగా దింపుతుంది. కొన్ని శీతాకాలాల్లో కురిసిన మంచు మొత్తం 400 అంగుళాలు దాటుతుంది. బెల్‌వ్యూ, రెడ్మండ్, సమామిష్, ఇసాక్వా ఊళ్లలోని వేలాది తెలుగు ఇళ్లకు ఇది గంటలోపు ప్రయాణం. చాలామందికి పిల్లల్ని ప్లాస్టిక్ పళ్లేల మీద జార్చి ఆడించిన చోటుగానే గుర్తు. గట్టు వెనకాల మొదలయ్యే ఆ రెండు గీతల సంగతి నాకూ నాలుగేళ్లపాటు తెలియదు.

స్కీయింగ్ అనగానే మనకు తోచేది కిందికి జారడం. కుర్చీలాంటి లిఫ్టు పైకి మోసుకెళుతుంది, మనం జారుతాం, మళ్లీ లిఫ్టెక్కుతాం. లిఫ్టు లేని కొండను స్కీల మీదే నడుస్తూ ఎక్కి, అవే స్కీల మీద దిగడాన్ని స్కీ టూరింగ్ అంటారు. లెక్క చూస్తే అది దాదాపుగా ఎక్కడమే. మూడు గంటలు ఎక్కితే ఇరవై నిమిషాల్లో దిగిపోతాం. ఫోటోలన్నీ ఆ ఇరవై నిమిషాలవే. కానీ ఈ విద్యలోని పనితనమంతా ఎక్కుడులోనే ఉందని నా నమ్మకం. ఆ మూడు గంటల్ని సాధ్యం చేసిన చేతుల గురించే ఈ వ్యాసం.

మొదట స్కిన్. స్కీ అడుగుభాగం అద్దంలా నున్నగా ఉంటుంది, జారడానికే పుట్టింది. దాంతో ఎక్కాలంటే అడుగున ఒక పట్టీ అంటించాలి. స్కీ పొడవు, స్కీ వెడల్పు, ఒక పక్క జిగురు, మరో పక్క మఖమల్ లాంటి నూగు. ఆ నూగు అంతా తోక వైపుకే వాలి ఉంటుంది. అరచేత్తో ముందునుంచి వెనక్కి నిమిరితే పిల్లి వీపు నిమిరినట్టుంటుంది. వెనకనుంచి ముందుకు నిమిరితే చేయి ఆగిపోతుంది. స్కీని ముందుకు తోస్తే జారుతుంది, బరువు వేసి నిలబడితే వెంట్రుకలన్నీ నిక్కి మంచును పట్టుకుంటాయి. పళ్లూ లేవు, మేకులూ లేవు. వెంట్రుక వాలిన దిక్కే మొత్తం యంత్రం.

ఇది కొత్త ఊహ కాదు. మధ్య ఆసియాలోని ఆల్తాయ్ కొండల్లో గుర్రపు తోలును స్కీ అడుగున శాశ్వతంగా బిగించి నడిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఐరోపాలో సీలు చర్మం వాడేవారు. ఫ్రెంచివాళ్లు నేటికీ దీన్ని సీలు చర్మమనే పిలుస్తారు, అందులో సీలు మాత్రం ఎప్పుడో పోయింది. ఇప్పుడు వాడేది అంగోరా మేక వెంట్రుకతో నేసిన మోహెయిర్, లేకపోతే నైలాన్, లేకపోతే రెండూ కలిపి. మోహెయిర్ బాగా జారుతుంది, త్వరగా అరుగుతుంది. నైలాన్ బాగా పట్టుకుంటుంది, కాస్త మొండి. జరీ పట్టుచీరకు పడుగు ఏది, పేక ఏది అని నేతగాళ్లు వాదించుకున్నట్టే వీటి పాళ్ల మీద ఇక్కడ వాదించుకుంటారు.

నాకు అంతకన్నా అబ్బురం జిగురు. మైనస్ పది డిగ్రీల్లో పట్టుకుని ఉండాలి. తడిసినా పట్టు వదలకూడదు. శిఖరం మీద చేతి తొడుగులతోనే ఒక్క లాగుకు ఊడిరావాలి, స్కీకి మరక అంటకూడదు. మడిచి చొక్కా లోపల గుండెకు ఆనించి పెట్టుకుంటే ఆ వేడికి మళ్లీ జీవం రావాలి. ఇన్ని పరస్పర విరుద్ధమైన కోరికలు తీర్చే పదార్థం ఇంకోటి మా ఇంట్లో లేదు. కాస్కేడ్ మంచు తడి మంచు, సిమెంటు అని దానికి ముద్దుపేరు. మధ్యాహ్నం ఎండకు నూగు తడిసి, నీడలోకి రాగానే ఆ తడి గడ్డకట్టి, అడుగున మూడంగుళాల మంచుముద్ద వేలాడుతుంది. కాలు ఎత్తితే రోకలి ఎత్తినట్టే. అందుకే బయల్దేరే ముందు నూగుకు మైనం రుద్దుతారు, నూగు వాలిన వైపుకే. ఎదురు రుద్దితే నూగు పాడవుతుంది. ఈ సంగతి నాకు చెప్పిన పెద్దావిడ వృత్తిరీత్యా వడ్రంగి. చెక్క నారను బట్టి చిత్రిక పట్టినట్టే మైనం పట్టాలి అంది. ఈ విద్య ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

తర్వాత బైండింగ్, బూటును స్కీకి కలిపే బిగింపు. ఎక్కేటప్పుడు మడమ లేవాలి, దిగేటప్పుడు మడమ కదలకూడదు. పాతకాలం బిగింపుల్లో బూటు కింద ఒక చట్రం ఉండేది. అడుగడుక్కీ బూటుతోపాటు ఆ చట్రాన్ని కూడా ఎత్తాల్సి వచ్చేది. ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో బరువైన సామానుతో మోం బ్లాంక్ ఎక్కి ఒళ్లు హూనమయ్యాక ఆ చట్రాన్నే లేకుండా చేయాలనుకున్నాడు. బూటు ముక్కులో అటొకటి ఇటొకటి చిన్న ఉక్కు గుంటలు పొదిగాడు. స్కీ మీద ఎదురెదురుగా రెండు మొనలు పెట్టాడు. స్ప్రింగు బలంతో ఆ మొనలు గుంటల్లో కూర్చుంటాయి. తలుపు కీలు మీద తిరిగినట్టు బూటు ఆ రెండు మొనల మీద తిరుగుతుంది. స్కీ నేల మీదే ఉంటుంది, మనం ఎత్తేది మన బూటును మాత్రమే. దిగేటప్పుడు మడమ వెనక మరో రెండు కడ్డీలు దాన్ని పట్టుకుంటాయి. పడితే వదిలేస్తాయి.

బియ్యపుగింజ పట్టేంత గుంటల మీద ఒక మనిషి బరువు, వేగం, ప్రాణం నిలబెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! మొదట్లో నమ్మినవాళ్లు తక్కువే. డైనాఫిట్ సంస్థ దాన్ని తీసుకుని మార్కెట్లోకి తెచ్చింది. పేటెంటు గడువు తీరాక మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఈ రోజు కనుమలో ఏ పార్కింగ్ స్థలంలో చూసినా కాళ్ల కింద ఆ రెండు మొనలే. నేను మొదటిసారి బూటు పెట్టి తొక్కినప్పుడు వచ్చిన టక్ శబ్దం మా అమ్మ ఇత్తడి డబ్బా మూత పడిన శబ్దంలా ఉంది. కొలతలు సరిపోతేనే వచ్చే చప్పుడు అది.

సామాను సంగతి ఇంతటితో చాలు. సామాను డబ్బు పెడితే దొరుకుతుంది. సాలు అలా దొరకదు.

మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, బెంగళూరు నుంచి వచ్చినప్పుడు వాణ్ణి కామన్‌వెల్త్ బేసిన్‌కు తీసుకెళ్లాను. 52వ ఎగ్జిట్‌కు ఉత్తరాన, గై, స్నోక్వాల్మీ, లండిన్, రెడ్, కెండల్ శిఖరాలు చుట్టూ నిలబడి మధ్యలో ఒక వాగుకు చోటిచ్చిన గిన్నె అది. పొడవాటి హెమ్లాక్ చెట్ల మధ్య సాలు మెలికలు తిరుగుతూ పోతోంది. వాడు కాసేపు నడిచి, చెమట తుడుచుకుని అడిగాడు. "అన్నా, ఇట్లా చుట్టూ తిరిగేదానికంటే నేరుగా పైకి పోతే సగం దూరమే కదా?"

సగం కాకపోయినా చాలా తగ్గుతుంది. వెయ్యి అడుగుల ఎత్తు ఎక్కడానికి 12 డిగ్రీల వాలులో సుమారు 4,800 అడుగులు నడవాలి. 20 డిగ్రీల వాలైతే 2,900 చాలు. కొత్తగా ఉత్సాహంగా ముందు నడిచేవాడు తప్పకుండా 20 డిగ్రీల్లోనే పోతాడు. వాడికి జారదు కూడా, ఎందుకంటే వాడి కాళ్ల కింద తాజా మంచు ఉంది, నూగు దాన్ని పట్టుకుంటుంది. కష్టమంతా వెనకవాళ్లది. ఒక్కో మనిషి దాటేకొద్దీ మంచు అణిగి, గట్టిపడి, నున్నబడుతుంది. పదో మనిషికి అది గచ్చు. ఇరవయ్యో మనిషికి పాచిపట్టిన మెట్టు. ముందువాడికి తెలియకుండానే వాడు వేసిన దారి వెనకవాళ్ల కాళ్ల కింద మరో వస్తువుగా మారిపోతుంది.

అందుకే మంచి సాలు వేసేవాళ్లు తమ కాళ్లకు అనువైన వాలు వేయరు, యాభయ్యో మనిషికి నిలిచే వాలు వేస్తారు. వాళ్లు ఆ యాభయ్యో మనిషిని చూడరు. వాళ్లు దిగి ఇంటికెళ్లి అన్నం తింటున్నప్పుడు ఆ మనిషి ఎక్కుతుంటాడు. వాడి బరువు, వాడి అరిగిపోయిన నూగు, వాడి అలసట అన్నీ ఊహించి, ఉదయం ఆరింటికి చీకట్లో, మోకాటిలోతు మంచు తొక్కుతూ, తమకు అవసరం లేని రెండువేల అడుగుల అదనపు నడక నడుస్తారు. నేను మెచ్చే పనితనం ఇది.

ఇది మా నాన్నకు తెలిసిన విద్యే. వేరుశనగ అదునులో నాలుగైదు మడకలు ఒకే చేలో దిగితే ముందు మడక ఎవరిదనేది చిన్న మాట కాదు. ముందు సాలుతో కొండ్ర వేసేవాడు సరిగ్గా వేస్తే వెనక మడకలు కళ్లు మూసుకుని దున్నుకుంటూ పోతాయి. వాడు వంకర పోతే చేను చివర మూలలో ఏ మడకా తిరగలేని ముక్క మిగులుతుంది. మా నాన్న ఇతరుల చేల గట్ల మీద నిలబడి మొదటి సాలు చూసేవాడు. ఎవరు వేశారో పేరు చెప్పేవాడు. ఇక్కడా అంతే. కొన్నేళ్లు నడిచాక సాలు చూసి వేసిన చేతిని గుర్తుపట్టొచ్చు. చేయి అనకూడదేమో, మడమ అనాలి.

వడ్రంగి ఆవిడ నేర్పిన మొదటి పాఠం మడమ గురించే. ఎక్కుతున్నప్పుడు ఉన్నట్టుండి అడిగేది, "నీ మడమ ఏమంటోంది?" అని. బైండింగ్ వెనక చిన్న ఆసరా ఉంటుంది, వాలు ఎక్కువైతే దాన్ని తిప్పి మడమ కింద పెట్టుకుంటారు, ఎత్తుమడమ చెప్పు వేసుకున్నట్టు. ఆ ఆసరా అక్కర్లేకుండా మడమ హాయిగా ఆనుతూ, లేస్తూ ఉంటే వాలు సరిగ్గా ఉందన్నమాట. ఒకసారి ఆసరా పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాల్సి వస్తే వేసినవాళ్లకు లయ తెలియదన్నమాట. మంచి సాలులో మొదటి గంటకూ మూడో గంటకూ ఒకటే అడుగు. ఊపిరి ఎంత పొడుగో మాట అంత పొడుగు, పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కొచ్చు. చెమట పట్టదు. ఇక్కడ చెమట పట్టడం చిన్న విషయం కాదు. ఆగిన మరుక్షణం అది చలిగా మారి ఎముకల్లోకి దిగుతుంది.

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు మోకాళ్ల మెట్టు తెలుసు. నడక ఒక పద్ధతిలో కుదురుకున్నాక ఒక్కసారిగా నిటారుగా లేచే చోటు. అక్కడ కష్టపడటంలో భక్తి ఉంది. ఇక్కడ సాలులో మోకాళ్ల మెట్టు వచ్చిందంటే వేసినవాళ్లు కొండను దూరం నుంచి చూడలేదని అర్థం. వాలు పెరగబోతోందని ముందే గమనించి, యాభై గజాల కిందే పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టాలి. అక్కడికి వచ్చాక తిప్పితే ఆలస్యమే.

మలుపుల సంగతి విడిగా చెప్పాలి. మెలిక చివర దిక్కు మార్చడానికి కిక్ టర్న్ అనే అడుగు ఒకటుంది. పై కాలి స్కీని ఎత్తి, ముందుకు ఊపి, ఎదురు దిక్కుకు తిప్పి పెట్టాలి. ఒక్క క్షణం రెండు పాదాలూ ఎదురుబొదురుగా, కూచిపూడి అడుగు మధ్యలో ఆగిపోయినట్టు ఉంటాం. తర్వాత కింది కాలిని లేపి, మడమతో వెనక్కి చిన్నగా తన్నితే స్కీ ముక్కు పైకి లేచి మంచును తప్పించుకుని వస్తుంది. అలవాటైతే అందంగా ఉంటుంది. అలవాటు లేనివాళ్లు అక్కడే పడతారు, అక్కడే భయపడతారు, అక్కడే మనసు విరిగి వెనక్కి పోతారు.

ఇదంతా గుర్తున్నవాళ్లు మలుపును ఎక్కడబడితే అక్కడ పెట్టరు. అడవిలో వాలు మధ్యన చిన్న చిన్న తిన్నెలుంటాయి, పడిపోయిన మాను మీద మంచు పేరుకున్నవి కొన్ని, కింద బండ ఉన్నవి కొన్ని. మలుపును ఆ తిన్నె మీదికి తెస్తారు. అక్కడ కిక్ టర్న్ అవసరమే రాదు, ఎడ్లబండి చేను చివర తిరిగినట్టు విశాలంగా చుట్టి నడిచిపోవచ్చు. తిన్నె దొరక్కపోతే ఆగి, స్కీలతో తొక్కి తొక్కి చాపంత చదును చేసిపెడతారు. మెలికకు ఒక నిమిషం పడుతుంది. పాతిక మెలికలుంటే పాతిక నిమిషాలు. కామన్‌వెల్త్ బేసిన్‌లో ఒక ఉదయం పద్దెనిమిది మెలికలు లెక్కపెట్టాను. పద్నాలుగు తిన్నెల మీద ఉన్నాయి. మిగతా నాలుగూ తొక్కి చదును చేసినవి. ఆ సాలు వేసినవాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

చెట్ల దగ్గరా ఇంతే శ్రద్ధ. హెమ్లాక్, ఫర్ చెట్ల కిందికొమ్మలు గొడుగులా పరుచుకుని మొదలు దగ్గర మంచు పడనివ్వవు. అక్కడ పైకి కనిపించని బావి లాంటి గుంట ఏర్పడుతుంది. తలకిందులుగా అందులో పడితే ఒంటరిగా బయటికి రావడం కష్టం. సాలు వేసేవాళ్లు ఏ మానుకూ ఆనించి పోరు. పైనుంచి కొమ్మ దులిపితే మెడలో పడే మంచు దూరాన్ని కూడా లెక్కేసుకుంటారు. వాగు దాటేచోట మంచువంతెన మందం ఊతకర్రతో పొడిచి చూసుకుంటారు. నమ్మకం కుదరని చోట నాలుగు వందల గజాలు పైకి నడిచి దాటుతారు.

ఈ కనుమలో దారి వేసే పని కొత్తది కాదు. సియాటిల్‌లో 1906లో మొదలైన ది మౌంటెనీర్స్ అనే సంఘం 1914లో ఇక్కడ ఒక వసతిగృహం కట్టుకుంది. 1928లో దక్షిణాన స్టాంపీడ్ కనుమ దగ్గర మీనీ లాడ్జి కట్టింది. ఈ రెంటి మధ్య కొండల మీదుగా 20 మైళ్లకు కాస్త తక్కువ దూరం. 1930 నుంచి 1941 దాకా ఆ దారిలో పెట్రోల్ రేస్ అనే పందెం నడిపారు. ముగ్గురు ఒక జట్టు, వీపుల మీద సామాను, ముగ్గురూ కలిసే చేరాలి. ఒక్కడు ముందు పరుగెత్తి గెలవడమన్నది లేదు. 1936లో వుల్ఫ్ బావర్ జట్టు నాలుగు గంటల 37 నిమిషాల్లో చేరింది. ఆ బావరే తర్వాత ఈ ప్రాంతంలో కొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే దళాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు.

ఆ పందెగాళ్ల కన్నా నన్ను ఆకట్టుకునేది వాళ్లకు గుర్తులు పెట్టినవాళ్లు. నారింజ రంగు పూసిన రేకుముక్కల్ని చెట్లకు చాలా ఎత్తున కొట్టారు. ఎండాకాలంలో చూస్తే ఇంత ఎత్తున ఎందుకు కొట్టారా అనిపిస్తుంది. శీతాకాలంలో పది పన్నెండు అడుగుల మంచు పేరుకున్నాక ఆ రేకు సరిగ్గా కంటి ఎత్తుకు వస్తుంది. వేసవిలో నిచ్చెన వేసుకుని మేకు కొట్టిన మనిషి, రాని మంచును ముందే కొలిచాడు.

ఇక సాలుకు అసలు పరీక్ష మంచు చరియ. మంచు పలకలు పలకలుగా విరిగి జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. దిగడానికి మజా ఉండేవీ సరిగ్గా ఆ వాలులే. స్నోక్వాల్మీకి ఒక సొంత గుణం ఉంది. తూర్పున కొలంబియా మైదానంలో పేరుకున్న చల్లగాలి ఈ పల్లపు కనుమలోంచి పడమటికి తోసుకొస్తుంది. పైన వెచ్చటి సముద్రపు గాలి, కింద ఈ చల్లగాలి. అందువల్ల ఒకే తుపానులో పొద్దున మంచు, మధ్యాహ్నం గడ్డకట్టే వాన, రాత్రికి మళ్లీ మంచు. ఆ వాన గడ్డకట్టి అద్దంలాంటి పెచ్చు అవుతుంది, దాని మీద కొత్త మంచు పడుతుంది. నున్నటి గచ్చు మీద రవ్వ పోసినట్టు. దాన్ని కదిలించడానికి ఒక మనిషి బరువు చాలు.

రహదారి కట్టినవాళ్లకూ ఈ బాధ తప్పలేదు. కీచెలస్ సరస్సు ఒడ్డున చరియలు పడేచోట 1950లో రోడ్డు మీద కాంక్రీటు కప్పు కట్టారు. 2014లో దాన్ని తీసేసి, రోడ్డునే వంతెనల మీదికి ఎత్తారు. చరియ ఇప్పుడు కార్ల కిందుగా సరస్సులోకి పోతుంది. చరియను ఆపాలని చూడక దానికి దారి విడిచిపెట్టిన ఆ ఆలోచన నాకు బాగా నచ్చుతుంది.

సాలు వేసేవాళ్లు చేసేదీ అదే. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఈ కనుమకు విడిగా రోజూ హెచ్చరిక ఇస్తుంది, అయిదు మెట్ల కొలతలో. అది చదవకుండా ఎవరూ ఇల్లు కదలకూడదు. ఒంటి మీద 457 కిలోహెర్ట్‌జ్ మీద పలికే ట్రాన్స్‌సీవర్ ఉండాలి. 1968లో జాన్ లాటన్ తొలి పరికరం తయారుచేసినప్పటి నుంచి ఎంతోమందిని మంచు కింద వెతికిపెట్టింది అదే. గుచ్చి వెతికే కర్ర, పార ఉండాలి. కప్పడిపోయినవాళ్లకు మొదటి పది పదిహేను నిమిషాలే ఆయుష్షు, ఫోను చేస్తే వచ్చేవాళ్లు అంతలో రారు. ఇవన్నీ చరియ పడ్డాక పనికొచ్చేవి. పడకముందు పనికొచ్చేది సాలు ఎక్కడ పోతుందన్నదే. మంచి సాలు దట్టమైన చెట్ల మధ్య, కొండ వెన్నుల మీద, పైన వేలాడే వాలు ఏదీ లేని చోటనే పోతుంది. పైనున్న బోడివాలు అందంగా పిలిచినా దాని పాదాల కింద కూడా నడవదు.

ఇంత దగ్గరగా, ఇంత సులువుగా ఉండటమే ఈ చోటి ప్రమాదం కూడా. కాఫీ చేతిలో పట్టుకుని కారు దిగితే అడవి. పొద్దున్నే కారు ఆపడానికి చోటు దొరకడమే పెద్ద పని, శీతాకాలపు పార్కింగ్ పర్మిట్ మర్చిపోతే జరిమానా. అంతమంది వస్తారు కాబట్టి సాలు ఎప్పుడూ ఉంటుంది. ఉన్న సాలు మీద నడిచేవాడు సాధారణంగా తల ఎత్తడు. వేసినవాళ్లకు కొండ తెలుసో లేదో ఆ రెండు గీతలు చెప్పవు. మొదటి రెండేళ్లు నేను అలాగే నడిచాను. తప్పని ఇప్పుడు తెలుసు. ఒక మాట కూడా చెప్పాలి, ఇక్కడికి వచ్చే మనవాళ్లకు ముఖ్యంగా. మంచుబూట్లతో, మామూలు బూట్లతో నడిచేవాళ్లు సాలు పక్కనే తమ దారి వేసుకోవాలి. గట్టిపడిన సాలులో ఒక్క కాలి గుంట పడితే వెనక ఎక్కేవాళ్లందరి స్కీ అక్కడ తడబడుతుంది. నాటిన మడిలో నడవొద్దని ఎవరూ మనకు చెప్పనక్కర్లేదు కదా. ఇదీ అలాంటిదే.

దిగడం గురించి రాయమని మా తమ్ముడు అంటాడు. బాగుంటుంది. మోకాళ్ల దాకా పొడిమంచు ఉన్న రోజు, చెట్ల మధ్య, శబ్దం లేకుండా. అది అనుభవించాలి గానీ అందులో నేను వివరించగలిగిన పనితనం ఏమీ లేదు.

చెప్పాల్సింది ఇంకో సాలు గురించి. పోయిన ఫిబ్రవరిలో వడ్రంగి ఆవిడ, మా తమ్ముడు, నేను కెండల్ శిఖరం పడమటి వైపు అడవిలో ఎక్కుతున్నాం. ముందురోజు ఎవరో వేసిన సాలు, రాత్రి రెండంగుళాల మంచు పడి అంచులు మెత్తబడ్డాయి. అయినా వాలు ఎక్కడా తప్పలేదు. తిన్నెల మీద మలుపులు. ఎవరిదో మంచి మడమ. దాదాపు రెండువేల అడుగులు ఎక్కాక చెట్లు పలచబడి, ఎదురుగా తెల్లటి బోడివాలు తెరుచుకుంది. సూర్యుడు అప్పుడే దాని మీద పడుతున్నాడు. అక్కడ సాలు చెట్ల నీడ దాటి పది గజాలు ముందుకు పోయి ఆగింది.

ఆగినచోట పక్కన పారతో తవ్విన గుంట. ఛాతీ లోతు, ఎదర గోడ గీసినట్టు నున్నగా. గోడలో అడుగు లోపలికి, బారెడు కన్నా తక్కువ వెడల్పున ఒక దిమ్మెను విడదీసి పరీక్ష చేశారు. ఆ దిమ్మె మీద పార పెట్టి మణికట్టుతో పది దెబ్బలు, మోచేతితో పది, భుజంతో పది కొడతారు. ఎన్నో దెబ్బకు, ఏ పొర దగ్గర తెగిందో చూస్తారు. ఇక్కడ దిమ్మె పై సగం మొత్తంగా జారి గుంటలో పడి ఉంది. మిగిలిన అడుగుముక్క పైభాగం రాత్రి మంచును ఊదేసి చూస్తే పలకలా నున్నగా, నీలంగా ఉంది. వాన పెచ్చు. ఆవిడ తొడుగు తీసి వేలితో దాన్ని తడిమి, ఏమీ అనలేదు.

ఆ గుంట దగ్గర నుంచి సాలు వెనక్కి తిరిగింది. కిక్ టర్న్ వేసిన చోటు శుభ్రంగా ఉంది. కంగారుగా తొక్కిన గుర్తు ఒక్కటీ లేదు. వచ్చిన దారినే చెట్లలోకి ఇరవై గజాలు వెళ్లి, అక్కడ చాపంత చదును చేసి, స్కిన్‌లు ఊడదీసుకున్న ఆనవాళ్లు. వెనక వచ్చేవాళ్లు పొరపాటున కూడా బోడివాలు వైపు పోకుండా ఆ పది గజాల సాలుకు అడ్డంగా హెమ్లాక్ కొమ్మ ఒకటి విరిచి గుచ్చారు. దాని ఆకుల మీద రాత్రి మంచు సన్నగా పేరుకుంది.

"ఇంకా కొంచెం పోదామా అన్నా?" అన్నాడు తమ్ముడు, ఎండలో మెరుస్తున్న వాలు చూస్తూ.

ఆవిడ అప్పటికే ఆ చదును మీద నిలబడి ఒక స్కీ విప్పుతోంది. నేను కొమ్మ మీది మంచు దులిపి, అది వంగకుండా చుట్టూ తొక్కి గట్టిచేసి, ఆవిడ పక్కకు వెళ్లి స్కిన్ కొసను పట్టుకుని లాగాను.